పేరు పిలిచేవాళ్ళదే: డింగిల్, తిరుపతి

ఐర్లండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో, అట్లాంటిక్ ఒడ్డున డింగిల్ అనే చిన్న రేవు ఊరు ఉంది. 2005 మార్చి 28న ఆ పేరుకు ప్రభుత్వం దృష్టిలో చెల్లుబాటు పోయింది. ఐరిష్ భాష ఇంకా ఇళ్ళలో బతికి ఉన్న ప్రాంతాలను అక్కడ గేల్టాక్ట్ అంటారు. ఆ ప్రాంతాల ఊళ్ళకు ఐరిష్ పేరొక్కటే అధికారికమని, దారి పలకల మీదా సర్కారు పటాల్లోనూ ఇంగ్లిష్ రూపం ఉండకూడదని ఉత్తర్వు వచ్చింది. డింగిల్ కాస్తా 'అన్ డాంగ్యన్' అయింది. కోట అని దాని అర్థం. భాషను కాపాడాలన్న ఉద్దేశంతో వచ్చిన ఉత్తర్వే అది. అయినా ఊరు ఒప్పుకోలేదు. పలకల మీద జనం రంగుతో డింగిల్ అని రాసుకున్నారు. 2006లో ఊళ్ళో ఓటింగు పెడితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జంట పేరు కావాలన్నారు. ఇంగ్లిష్‌లో డింగిల్, ఐరిష్‌లో పాత నిండు పేరు 'డాంగ్యన్ ఈ ఖూష్', అంటే ఓ కూష్ వాళ్ళ కోట. ఆ కోరిక చట్టానికి ఎక్కేసరికి 2011 వచ్చింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా ప్రకటించింది. తిరుపతి కేంద్రంగా ఏర్పడే జిల్లాకు అందులో ఉన్న పేరు 'శ్రీ బాలాజీ జిల్లా'. ఏప్రిల్ 4న జిల్లా మొదలయ్యేనాటికి అది 'తిరుపతి జిల్లా' అయింది. డింగిల్‌లో ఆరేళ్ళు పట్టిన దిద్దుబాటు ఇక్కడ మూడు నెలలు తిరక్కముందే జరిగిపోయింది.

రెండింటినీ పక్కపక్కన పెడితే ముందు తేడానే కనిపిస్తుంది. 'అన్ డాంగ్యన్' అచ్చంగా ఆ నేల మాట. చుట్టుపక్కల ఐరిష్ మాట్లాడే పల్లెల్లో నలుగుతున్న మాట. దాన్ని ఖాయం చేసిన పండితుల దగ్గర ఆధారాలకు కొదవలేదు. ఆ ఊరి మనిషి రెండు భాషల మధ్య బతుకుతున్నాడని, రెండు పేర్లూ తనవే అనుకుంటున్నాడని మాత్రం వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. శ్రీ బాలాజీ సంగతి వేరు. అది ఊరి పేరు కాదు, దేవుడి పేరు. దేవుడి పేర్లలో కూడా ఈ నేల మీద ఎక్కువ వినిపించేది కాదు. ఉత్తరాది భక్తుల నోట పెరిగిన ముద్దుపేరు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతుల్లో ఉండింది. హథీరాం బావాజీ స్వామితో పాచికలాడాడన్న కథ ఇప్పటికీ కొండ మీద చెప్పుకుంటారు. బాలాజీ అన్న పిలుపు ఆ కథల లోకానికి చెందింది. ఆ పిలుపులో ఉన్న భక్తి గొప్పదే. కానీ వెంకటగిరి నేతగాడు, గూడూరు నిమ్మతోట రైతు, సూళ్ళూరుపేట బెస్తవాడు 'మాది ఫలానా జిల్లా' అని చెప్పుకోవాల్సిన చోట కావలసింది ఊరి పేరు. తిరుపతి అన్న పేరు నిలవడం సబబైన పని.

ఊరి పేరు మీద హక్కు నాదంటూ వచ్చేవాళ్ళు ముగ్గురున్నారు. ధాతువు వెతికే పండితుడు, కథ చెప్పే పౌరాణికుడు, ముద్ర వేసే సర్కారు. పిలిచే జనం నాలుగోవాళ్ళు. వాళ్ళు హక్కు అడగరు, పిలుస్తూ ఉంటారు, అంతే. ఐర్లండ్‌లోనూ మా దక్షిణ రాయలసీమలోనూ ఈ నలుగురి మధ్య జరిగిన కథ చాలాచోట్ల ఒకటే. తేడా వచ్చిన చోట్ల మనం నేర్చుకోవలసింది ఉంది.

తిరుపతితోనే మొదలుపెడదాం. తెలుగు చెవికి 'పతి' అంటే భర్త, ప్రభువు. అందుకే తిరుపతి అంటే శ్రీపతి, లక్ష్మీనాథుడు అని మనవాళ్ళు సులభంగా చెప్పేస్తారు. తమిళంలో 'పతి' అంటే నివాసం, ఊరు అన్న అర్థం కూడా ఉంది. 'తిరు' పవిత్రతకు గుర్తు. ఆ లెక్కన తిరుపతి అంటే పుణ్యస్థలం. రెండో అర్థానికే నేను మొగ్గుతాను. కారణం వాడుకలో ఉంది. శ్రీవైష్ణవులు తమ నూట ఎనిమిది దివ్యదేశాలనూ 'తిరుప్పతులు' అనే అంటారు. తామ్రపర్ణి ఒడ్డున ఆళ్వార్ తిరునగరి చుట్టూ ఉన్న తొమ్మిది గుళ్ళు 'నవ తిరుపతి'. గోదావరి ప్రాంతంలో ద్వారకా తిరుమలను జనం 'చిన్న తిరుపతి' అంటారు. దేవుడి పేరయితే చిన్న దేవుడు, పెద్ద దేవుడు అనేవాళ్ళు కారు గదా. చోటు పేరు కనుకే చిన్నదీ పెద్దదీ అయింది. ఎన్నో తిరుపతుల్లో ఒక్క తిరుపతి మిగతావాటన్నిటినీ మించి, విశేషణం అక్కర్లేని పేరుగా నిలబడింది. జాతివాచకం సంజ్ఞావాచకం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

ఐర్లండ్‌లో 'తిరు'కు దగ్గరగా వచ్చే మాట 'కిల్'. ఐరిష్‌లో 'కిల్' అంటే చర్చి, సన్యాసి గుడిసె. కిల్కెన్నీ అంటే కానెక్ మహర్షి చర్చి. కిల్డేర్ అంటే సింధూర వృక్షం దగ్గరి చర్చి, బ్రిజిడ్ సాధ్వి మఠం వెలసిన చోటు. మరి ఇక్కడొక చిక్కుంది. అడవికి ఐరిష్ మాట 'కొయిల్'. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి అది కూడా చాలాచోట్ల 'కిల్' అయిపోయింది. పటం మీద కిల్ అని ఉన్న ఊరు గుడి దగ్గర పుట్టిందా, అడవి కొట్టి కట్టిందా అన్నది అక్షరాలు చూసి చెప్పడానికి వీల్లేదు. ఆ ఊరి ముసలివాళ్ళ ఉచ్చారణ వినాలి, పాత రాతలు తిరగెయ్యాలి.

మాకు పుత్తూరు ఉంది. పుదు ఊరు, కొత్త ఊరు అని ఒక అర్థం. తమిళంలో చీమల పుట్టకు పుఱ్ఱు అంటారు, నోటి మాటలో పుత్తు. పుట్ట ఉన్న ఊరు అని రెండో అర్థం. మొదటిదే బలమైనదని అనిపిస్తుంది గానీ, అసలు ఈ పేరుకు అర్థం ఇవాళ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. తెలుగునాట ఏ మూల చెయ్యి విరిగినా 'పుత్తూరు కట్టు' గుర్తొస్తుంది. ఆ కట్టు కట్టే వైద్యం పుత్తూరు పక్కన రాచపాళెంలోది. పేరు మాత్రం పుత్తూరుకు దక్కింది. ఎక్కడో కోస్తా పట్నంలో బోర్డు కట్టుకున్న వాళ్ళకు పుత్తూరు అంటే ఒక వైద్యం. చిత్తూరుకూ చిఱ్ఱూరు, చిన్న ఊరు అన్న అర్థమే ఎక్కువమంది చెప్తారు. కేరళలో పాలక్కాడు పక్కన ఇంకో చిత్తూరు ఉంది. 1911 ఏప్రిల్ 1న ఆ చిన్న ఊరి పేరు మీద జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాడు తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు, వాటితో పాటు పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరం జమీన్లు అందులోకి వచ్చాయి. పేరుకు అర్థం చిన్న ఊరైనా వందేళ్ళకు పైగా రాయలసీమ దక్షిణపు కొసనంతా ఆ పేరే మోసింది.

అర్థాలు చెప్పడంలో కథలకు ఉన్న బలం వేరు. మధ్యయుగాల ఐర్లండ్‌లో 'డిన్‌హెనహస్' అని ఒక సాహిత్య ప్రక్రియ ఉండేది. పేరుపొందిన చోట్ల వృత్తాంతం అని చెప్పుకోవచ్చు. పన్నెండో శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథంలో అవి పద్యాలుగానూ వచనంగానూ దొరుకుతాయి. కొండకు, నదికి, దిబ్బకు ఆ పేరెందుకు వచ్చిందో కథ చెప్పడం కవుల చదువులో భాగం. షానన్ నది పేరు షినన్ అనే అమ్మాయిది. జ్ఞానం ఊరే ఒక బావి దగ్గరికి ఆమె వెళ్ళింది. బావి పొంగి ఆమెను ముంచింది, ఆ నీళ్ళే నది అయ్యాయి.

దీని పక్కన కాణిపాకం స్థలపురాణం పెట్టి చూడండి. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు. వాళ్ళకు కాణి పొలం, అంటే సుమారు ఎకరంపావు. బావి ఎండిపోతే పూడిక తీస్తున్నారు. పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది. ముగ్గురి వైకల్యాలూ పోయాయి. వినాయకుడు వెలిశాడు. జనం కొట్టిన టెంకాయల నీళ్ళు కాణి మడికి పారినాయి, అందుకే కాణి పారకం, కాణిపాకం. ఊరి పక్కన పారే బాహుదా నదికీ కథ ఉంది. తెగిన చేతులను తిరిగి ఇచ్చింది గనుక బాహుదా. అక్కడ బావి మనిషిని తీసుకుని నది అయింది. ఇక్కడ బావి మనిషికి చూపూ మాటా ఇచ్చి దేవుణ్ణి చూపించింది. రెండు చోట్లా బావీ నీళ్ళే. ఒకచోట కోల్పోవడం, ఇంకోచోట దొరకడం. కరువు సీమలో నీళ్ళ కథ ఇలాగే నడుస్తుంది.

భాషా పండితుణ్ణి అడిగితే ఆయన వేరే దారి పడతాడు. నుంగంబాక్కం, మీనంబాక్కం, సైదాపేట దాటి చెంగల్పట్టు దాకా 'పాక్కం'తో ముగిసే ఊళ్ళు కోకొల్లలు. పాక్కం అంటే ఊరు, వాడ. కాణి అంటే కొలత మాత్రమే కాదు, నేల మీద వంశపారంపర్యపు హక్కు కూడా. ఆ హక్కుకు తమిళంలో కాణియాట్చి అని పేరు. మనం ఏమీ ఆలోచించకుండా వాడే 'కాణాచి' దాని నుంచి వచ్చిందే. కాబట్టి కాణిపాకం అంటే హక్కు భూమి ఉన్న పల్లె అని ఆయన అంటాడు. వ్యుత్పత్తిగా ఇదే నిలిచేది. అయితే ఇది తెలిశాక స్థలపురాణాన్ని అబద్ధమని తోసెయ్యడం తొందరపాటు. ఆ కథ పేరు ఎలా పుట్టిందో చెప్పడంలేదు. ఆ పేరు పలికే మనిషికి ఆ చోటు ఏమవుతుందో చెప్తోంది. ఎండిన బావి, పూడిక, కాణి మడి, నీళ్ళు పారడం - ఇవి మెట్టసేద్యం చేసే మనిషి బతుకులోని మాటలు. ధాతువు చెప్పలేనిది ఈ కథలో ఉంది.

ఐరిష్ సంప్రదాయంలో నాకు ఎక్కువ నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. డిన్‌హెనహస్ రాసినవాళ్ళు ఒకే పేరుకు రెండు మూడు కథలు వరసగా ఇస్తారు. ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అని వదిలేస్తారు. తీర్పు చెప్పరు. మన రాతల్లోని మాహాత్మ్యాలు అలా ఉండవు, ఒక్క కథనే గట్టిగా నిలబెడతాయి. గుడి ఇంకా నడుస్తోంది, హారతి ఇంకా ఇస్తున్నారు, ఎదుట భక్తుడున్నాడు. కథ ఒక్కటై తీరాలి. ఐరిష్ కథల వెనక ఉన్న దేవతలకు ఆనాటికే పూజలు ఆగిపోయాయి గనుక కవికి ఆ వెసులుబాటు దొరికింది.

జనం నోట్లో మాత్రం మాదీ బహుకథల సంప్రదాయమే. అలిపిరి చూడండి. కొండ అడుగున మెట్లు మొదలయ్యే చోటు గనుక తమిళంలో 'అడిప్పడి' అని ఒకరంటారు. కొండ అడుగున చింతచెట్టు ఉండేది, 'అడిప్పుళి' అని ఇంకొకరు. దండెత్తి వచ్చిన అలీ అనేవాడు ఇక్కడినుంచే వెనక్కి తిరిగాడు, 'అలీ ఫిరే' అని మూడో మాట, దానికి ఉర్దూ సాయం. ఒక్క పేరును తమిళం మాట్లాడేవాళ్ళూ ఉర్దూ మాట్లాడేవాళ్ళూ తమ చెవితో తాము విన్నారు. మూడో కథ చరిత్రగా నిలవదు. కానీ ఈ సీమలో ఉర్దూ మాట్లాడే జనం కూడా కొండ కింద తరాలుగా బతికారని, ఆ పేరులో తమకూ ఒక అర్థం వెతుక్కున్నారని అది సాక్ష్యం చెప్తుంది. నాకు ఆ సాక్ష్యం విలువైనది.

తమిళ తెలుగుల సంగతి వచ్చింది గనుక వేంకటం దగ్గర ఒక్క మాట. తొల్కాప్పియం పాయిరంలో తమిళ నేలకు ఉత్తరపు హద్దు వేంగడం అని ఉంది. ఆ వేంగడమే తెలుగు నోట వేంగళం అయింది. తాళ్ళపాక వాళ్ళింట తిరువేంగళనాథుడు అన్న పేరు, మా పల్లెల్లో వెంగళయ్య, వెంగళమ్మ అన్న పేర్లు ఆ దారిలోనివే. హద్దు అన్నది తమిళ కవికి తన నేల ముగిసే చోటు. తెలుగువాడికి అదే తన నేల మొదలయ్యే చోటు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు, సత్యవేడు చిత్తూరుకు మారినప్పుడు కూడా ఊళ్ళ పేర్లు మారలేదు. కుప్పంలో ఇవాళ్టికీ తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. తమిళుడికి కుప్పం అంటే చిన్న పల్లె, తెలుగు చెవికి కుప్ప గుర్తొస్తుంది. తిరుపతి, కాణిపాకం, చిత్తూరు తమిళ మూలాలవని చెప్తే మనలో కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనక్కర్లేదు. నల్లమడుగు అన్న అర్థం వచ్చే 'డబ్లిన్' ఐరిష్ మాటే అయినా ఆ పేరును రాజధానికి స్థిరపరిచింది నార్వే నుంచి వచ్చిన వైకింగులు. ఐరిష్‌లో ఇవాళ్టి అధికారిక నామం 'బాల్యా ఆహా క్లియా', తడికెల రేవు ఊరు. ఒక నగరానికి రెండు పేర్లు, రెండూ ఐరిషే. ఏ ఒక్కటీ రెండోదాన్ని చంపలేదు.

పేర్లు పోగు చేసిన పని దగ్గరికి వచ్చేసరికి పోలిక ఇంకా దగ్గరవుతుంది. రెండు చోట్లా చేయించింది ఒకే సామ్రాజ్యం. దత్తమండలాలు 1800లో కుంఫిణీ చేతికి వచ్చాక కల్నల్ కాలిన్ మెకంజీ సర్వే మొదలుపెట్టాడు. కొలతలతో ఆగకుండా ఊరూరా కరణాల దగ్గర కవిలెలు, కథలు, శాసనాలు సేకరింపజేశాడు. ఆ పని నడిపినవాళ్ళు ఏలూరు కుటుంబానికి చెందిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లోనే చనిపోతే లక్ష్మయ్య కొనసాగించాడు. అలా పోగైనవే కైఫీయత్తులు. తర్వాత సి.పి.బ్రౌన్ వాటిని నకళ్ళు రాయించి కాపాడాడు. ఊరికి పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టారు - కైఫీయత్తుల్లో తరచూ కనిపించే సంగతులివే.

ఐర్లండ్‌లో సర్వే 1824లో కల్నల్ కోల్బీ కింద మొదలైంది. మైలుకు ఆరంగుళాల కొలతతో దేశమంతా పటం గీశారు. అరవై వేలకు పైచిలుకు చిన్న పల్లెల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాయం చెయ్యాలి. ఆ పనికి కుదిరినవాడు జాన్ ఓ'డోనవన్, కిల్కెన్నీ రైతుబిడ్డ, ఐరిష్ రాతప్రతులు క్షుణ్ణంగా తెలిసినవాడు. 1834 నుంచి దాదాపు జిల్లాలన్నీ తిరిగాడు. సైనికులు రాసుకొచ్చిన స్పెల్లింగులను నమ్మకుండా ఊళ్ళో ముసలివాళ్ళను పట్టుకుని పేరు పలికించుకునేవాడు, పాత రాతలతో పోల్చేవాడు. తాను ఎంచుకున్న రూపాలను నామపుస్తకాల్లో రాశాడు. పదేళ్ళు తిరిగేసరికి 1845లో బంగాళాదుంప తెగులు, మహాకరువు. పది లక్షలమంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షలమంది దేశం విడిచారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఐరిష్ మాట్లాడే పేదలు. ఓ'డోనవన్ ఆలస్యం చేసి ఉంటే ఆ ఉచ్చారణలు ఎవరి దగ్గరా దొరికేవి కావు.

బ్రయన్ ఫ్రీల్ 'ట్రాన్స్‌లేషన్స్' నాటకం ఈ సర్వే మీదే. 1980లో డెర్రీ గిల్డ్‌హాల్‌లో తొలి ప్రదర్శన. డెర్రీ పేరే ఒక తగవు. డొయిరె అంటే సింధూర వనం. 1613 రాజపత్రంతో ముందు లండన్ చేరి లండన్‌డెర్రీ అయింది. ఇప్పటికీ ఏ పేరు పలికావన్నదాన్నిబట్టి నువ్వు ఎవరివో పోల్చుకుంటారు. అలాంటి ఊళ్ళో పేర్లు మార్చే నాటకం ఆడడం ధైర్యమైన పని. అందులో ఒక దృశ్యం మరిచిపోలేనిది. ఒక కూడలి పేరులో బావి ఉంది, మనిషి పేరు ఉంది. బావి ఎప్పుడో పూడిపోయింది, ఆ మనిషి పేరు అరిగి గుర్తుపట్టలేనంతగా మారింది. కథ తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు. ఆ పేరు ఉంచాలా, తీసెయ్యాలా? ఈ ప్రశ్నకు నాటకం సుఖమైన జవాబు ఇవ్వదు. సర్వే చరిత్ర రాసిన జె.హెచ్.ఆండ్రూస్ ఆ నాటకం చరిత్రను వంచిందని అభ్యంతరం చెప్పాడు. ఆయన మాటలో నిజం ఉంది. ఓ'డోనవన్ పేర్లను తుడిచిపెట్టలేదు, కాపాడాడు. కానీ ఆయన కాపాడింది పుస్తకంలో, పటం మీద మాత్రం ఇంగ్లిష్ రూపమే ఎక్కింది. నాటకం ఆ గాయం గురించి మాట్లాడుతోంది. ఇద్దరూ ఒప్పే.

కావలి సోదరుల మీద అలాంటి నాటకం తెలుగులో రావలసి ఉంది. దొరకూ ఊరికీ మధ్య నిలబడి కరణం మాటను పోగుచేసిన తెలుగువాళ్ళు వాళ్ళు. కైఫీయత్తులను ఓ'డోనవన్ నామపుస్తకాలతో పోలిస్తే మనవాటిలో కథాబలం ఎక్కువ, ఉచ్చారణ మీద శ్రద్ధ తక్కువ. కరణం ఇచ్చింది రాశారు. పొలంలో పనిచేసే మాలమాదిగలను, గొల్లలను, ఆడవాళ్ళను మీరేమంటారు అని అడిగిన జాడ తక్కువ. మన తరంలో ఆ లోటు తీర్చడానికి పూనుకున్నవాళ్ళున్నారు. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీదే. యార్లగడ్డ బాలగంగాధరరావు జీవితమంతా గ్రామనామాల మీద పనిచేశారు. నామిని కథల పుస్తకానికి మిట్టూరు పేరు పెట్టడం కూడా ఒక రకంగా ఈ పనే. మిట్ట మీది ఊరని తెలిసిన మనిషికి ఆ పుస్తకం ఎక్కణ్ణించి మాట్లాడుతోందో అట్ట మీదే తెలుస్తుంది.

సర్కారు పెట్టిన పేర్ల కథ తొందరగా చెప్పొచ్చు. కార్క్ రేవు పక్క ఊరు 'కోవ్' విక్టోరియా రాణి వచ్చిందని 1849లో క్వీన్స్‌టౌన్ అయింది. 1920లో ఆ పేరు తీసేసి 'కోవ్' అన్న ఇంగ్లిష్ మాటనే ఐరిష్ అక్షరాల్లో రాసుకున్నారు. ఐరిష్‌లో దానికి అర్థమే లేదు. అయినా నిలిచింది, ఎందుకంటే జనం ఎప్పుడూ ఆ ధ్వనితోనే పిలిచారు. కెల్స్ అన్న ఊరికి 1929లో పాత పేరు కెనన్నస్ అధికారికం చేశారు. జనం కెల్స్ అనే అన్నారు. 1993లో కెల్స్ తిరిగి వచ్చింది. మా వాయల్పాడు వాల్మీకిపురం అయింది. ఆఫీసు కాగితం మీద వాల్మీకిపురం, రైలు దిగేవాడి నోట వాయల్పాడు. 'పాడు' అంటే పాత తెలుగులో ఊరు. ఇవాళ్టి చెవికి పాడుబడ్డది అని తోచి పురాలుగా మార్చుకోవాలనిపిస్తుంది. మార్చిన కొద్దీ పాత మాట అర్థం ఇంకా మరుగున పడుతుంది. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ, 1860లలో కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టుకున్నాక హార్సిలీ హిల్స్ అయింది. ఏనుగులతో తిరిగిన మల్లమ్మ కథ చుట్టుపక్కల పల్లెల్లో ఉంది, పర్యాటకుల పలకల మీద లేదు. అక్కడ నా కోరిక డింగిల్ జనం కోరికే. ఏనుగు మల్లమ్మ కొండ అని పెద్దక్షరాల్లో, హార్సిలీ హిల్స్ అని పక్కన, రెండూ రాయండి.

తిరుపతి వాళ్ళు తిరుమలను 'కొండ' అంటారు. కొండకు పోతాండాం, కొండ మీద ఉద్యోగం, కొండ దిగినాం. ఐర్లండ్‌లో మేయో కౌంటీలో క్రో పాట్రిక్ శిఖరం ఉంది. పాట్రిక్ సాధువు నలభై రోజులు ఉపవాసం చేశాడని నమ్మే చోటు. జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. ఆ చుట్టుపక్కలవాళ్ళు దాన్ని 'రీక్' అంటారు, వామి అని. దూరం నుంచి వచ్చేవాడికి పూర్తి పేరు కావాలి. రోజూ చూసేవాడికి ఒక్క మాట చాలు. ఈ పొట్టి పేర్లను ఏ గెజిట్టూ ఎక్కించుకోదు.

గెజిట్టుకు ఎక్కనివాటిలో మనకు బాగా అవసరమైనవి నీళ్ళ పేర్లు. డబ్లిన్‌లో ఆ నల్లమడుగు ఇవాళ లేదు. పొడిల్ అనే చిన్న ఏరు లిఫీ నదిలో కలిసే చోట ఉండేది. ఏటిని భూమి కిందికి మళ్ళించారు, మడుగు మీద డబ్లిన్ కోట తోట ఉంది. పేరు ఒక్కటే నీళ్ళను గుర్తుంచుకుంది. తిరుపతిలో కొర్లగుంట, తాతయ్యగుంట, పక్కన రేణిగుంట. గుంట అంటే నీళ్ళు నిలిచే చోటు. తాతయ్యగుంట అంటే ఇవాళ గంగమ్మ జాతర గుర్తొస్తుంది, నీళ్ళు గుర్తుకు రావు. గంగమ్మ గుడి గుంట పక్కన వెలవడం కాకతాళీయం కాదని నా నమ్మకం. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుపతి వీధులు ఏర్లయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించారు. నీళ్ళు తమ పాత దారులు వెతుక్కుంటాయి. ఆ దారులు వంక, కాలవ, గుంట, మరవ, మడుగు అన్న పేర్లలో రాసే ఉన్నాయి. లేఅవుటు వేసి ఫలానా నగర్ అని పేరు మార్చిన రోజునే ఇల్లు కొనేవాడికి అందవలసిన హెచ్చరిక పోతుంది. ఊరి పేరుకు అర్థం తెలుసుకోవడం పండితుల కాలక్షేపం అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఐర్లండ్ 1946లోనే స్థలనామాల సంఘం పెట్టుకుంది. ఇప్పుడు ఆ దేశపు పల్లెల పేర్లను పాత రూపాలతో, ఉచ్చారణతో ఎవరైనా వెతుక్కునేలా పెట్టింది. మన రెవెన్యూ రికార్డులో ఊరి పేరు, సర్వే నంబరు ఉంటాయి. ఆ నంబరు ఉన్న కయ్యను ఆ ఇంటివాళ్ళు ఏమని పిలుస్తారో ఉండదు. రాళ్ళమడి, వంకచేను, దిన్నెమీది కయ్య, మరవకింది మడి అన్న పేర్లు పట్టా పుస్తకంలోకి ఎన్నడూ ఎక్కలేదు. అవి తెలిసినవాళ్ళు డెబ్భై, ఎనభై ఏళ్ళ వయసులో ఉన్నారు. పిల్లలు బెంగళూరులో, చెన్నైలో, అమెరికాలో ఉన్నారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం చెయ్యదగిన పని ఇది. వాటి కోసం ఎదురుచూడకుండా ఇంటింటా మొదలుపెట్టదగిన పని కూడా. ఈసారి ఊరికి పోయినప్పుడు అవ్వనో తాతనో మీ చేలగట్టు మీద నిలబెట్టి ప్రతి మడి పేరూ, చెరువు పేరూ, వంక పేరూ అడగండి. వాళ్ళు పలికినట్టే రాసుకోండి, దిద్దకండి. ఎందుకు ఆ పేరంటే రెండు కథలు చెప్తే రెండూ రాయండి. కింద తేదీ వెయ్యండి.